ఇనుప రాడ్డుకు పులుపు పథ్యం

జొన్నరొట్టె కొరికి చూసుకుంటే, కొరికిన అంచు ఎర్రగా ఉంది. కారం అంటుకుందేమో అనుకున్నాను. కానీ అప్పటికి కొన్ని నెలలుగా నా పళ్లెంలోకి కారం రావడమే లేదు. నాలుకతో తడిమితే ఉప్పగా తగిలింది. ఎదురుగా కూర్చున్న మా అక్క చూడకముందే ఆ ముక్కను పాలలో ముంచి మింగేశాను. నాకు రోగమంటే ఉన్న భయం కంటే, రోగం గురించి మా ఇంట్లో జరిగే పంచాయితీ అంటే ఉన్న భయం ఎక్కువ.

ఇప్పుడు బాగున్నాను. రొట్టె కొరుకుతున్నాను, కొట్లో కూర్చుని మునుపటిలాగే గిరాకీలతో వాదిస్తున్నాను. అయినా ఆ నెలల భయం ఒంట్లోంచి పూర్తిగా దిగలేదు. పళ్లు తోముకుని ఉమ్మిన ప్రతిసారీ కిందికి చూస్తాను. రాస్తే కొంత దిగుతుందేమోనని రాస్తున్నాను. పైగా మా తాండూరులో, వికారాబాద్‌లో కాలికో చేతికో రాడ్డు వేయించుకున్నవాళ్లు వీధికొకరు కనిపిస్తారు. వాళ్ల ఇళ్లల్లో కూడా ప్రేమగా పథ్యం వండిపెట్టేవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లు చదివితే చాలు.

జూన్‌లో, వానలు మొదలైన కొత్తలో నా కాలు విరిగింది. నాది తాండూరులో ఇనుప సామాన్ల కొట్టు. పైపులు, నల్లాలు, మేకులు, గొళ్లాలు అమ్ముతాను. వ్యాన్‌లోంచి పైపులు దింపిస్తుంటే కట్టు తీగ తెగి, కట్ట మొత్తం వచ్చి నా కుడికాలి మీద పడింది. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. వికారాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఎముక లోపల రాడ్డు పెట్టారు. ఇనుమే విరగ్గొట్టింది, ఇనుమే అతికిస్తుంది, నాకూ ఇనుముకూ ఏదో రుణం ఉంది అని మంచం మీద పడుకుని జోకులు వేశాను. నా భార్య సునీత నవ్వలేదు.

ఆ సాయంత్రానికే మర్పల్లి నుంచి మా అక్క మాణెమ్మ వచ్చింది. నాకంటే చాలా పెద్దది. అమ్మ పోయేనాటికి నేను ఇంకా బడి ముఖం చూడలేదు. నాకు అన్నం కలిపి పెట్టి పెంచింది ఆమే. బావ పోయాక మర్పల్లిలో ఒక్కతే ఉంటోంది. తమ్ముడి కాలు విరిగిందని తెలియగానే ఇంటికి తాళం వేసి, జొన్నపిండి మూట పట్టుకుని, బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చేసింది. వచ్చీ రాగానే ఆపరేషన్ చేసిన డాక్టరును వరండాలో ఆపింది.

“సారూ, పత్తెం ఏముండాలె?”

“పథ్యం ఏం లేదమ్మా, అన్నీ తినొచ్చు” అని ఆయన నడుస్తూనే చెప్పి పక్క గదిలోకి వెళ్లిపోయాడు.

అక్క ఆ జవాబును లెక్కలోకి తీసుకోలేదు. నా మంచం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “డాక్టర్లు గట్లనే అంటరు. లోపల ఇనుము వెట్టిండ్రు గదా తమ్మీ. పులుపు తింటె ఇనుము జిలుము వట్టదా?”

జిలుము అంటే తుప్పు. సునీత పక్కనుంచి, “అది స్టీలు వదినె, జిలుమెందుకు వడ్తది?” అంది.

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ ఇనుము గురించి మాట వస్తే నేను ఊరుకోగలనా? ఊరగాయ జాడీ మీద ఇనుప మూత పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. చింతపండు రసం పడిన గొళ్లం ఎలా తయారవుతుందో తెలుసు. ఇక స్టీలంటారా, ‘స్టెయిన్‌లెస్’ అని అచ్చేసిన నల్లాలు తుప్పు మరకలతో ఎన్ని నా కొట్టుకు తిరిగి రాలేదు! అక్క చెప్పిందే కరెక్టు అని తీర్పు ఇచ్చేశాను. ఇరవై ఏళ్ల వ్యాపార అనుభవం అంతా ఆ ఒక్క తీర్పులో పెట్టాను. రాడ్డు తీసేదాకా, అంటే ఏడాది పైచిలుకు, పులుపు ముట్టకూడదని ఆసుపత్రిలోనే ఖాయమైంది.

పథ్యం మొదట చిన్నదే. చింతపండు, నిమ్మకాయ, టమాట, పుంటికూర, చుక్కకూర, పెరుగు వద్దు. ఇంటికి వచ్చాక అది పెరిగింది. సంత్ర పులుపు, బత్తాయి పులుపు, ద్రాక్ష పులుపు. జామకాయ చలువ. ఆలుగడ్డ వాతం. పచ్చిమిరపకాయ వేడి. ఆకుకూరలన్నీ నీళ్లకూరలు, అవి తింటే ఎముక అతుక్కోదు. చూసిపోవడానికి వచ్చిన ప్రతి చుట్టమూ ఒక కూరగాయను తగ్గించి వెళ్లాడు. చివరికి నాకు మిగిలినవి జొన్నరొట్టె, అన్నం, చప్పిడి పెసరపప్పు, పాలు, గుడ్లు, వారానికోసారి ఎముకల బలానికి మేకకాళ్ల పాయా. పాయా గిన్నె చూసి మా వీధిలోవాళ్లు నేను రాజభోగం అనుభవిస్తున్నానన్నారు. నాకూ అలాగే అనిపించింది.

అక్క కూడా అదే తినేది. “నువ్వెందుకు అక్కా?” అంటే, “నువ్వు సప్పిడి తింటుంటె నా నోట్లెకు పులుపు ఎట్ల వోతదిరా?” అనేది. సునీత మాత్రం తనకూ మా అమ్మాయికీ వేరే వండుకునేది. ఒకే వంటగదిలో రెండు పొయ్యిలు. ఒక దాని మీద పచ్చిపులుసు పోపు, ఇంకో దాని మీద నా పెసరపప్పు. పోపు వాసన వస్తే అక్క నా గది తలుపు దగ్గరికి వేసేది. ఆ తలుపు చప్పుడు సునీతకు నచ్చేది కాదు. ఇద్దరి మధ్యా మాట తగ్గిపోయింది.

ఆగస్టులో గాయం చక్కగా మానింది. కుట్లు పడిన చోట సన్నటి గీత మిగిలింది. చూసినవాళ్లంతా అక్క పథ్యాన్ని మెచ్చుకున్నారు. కర్రల సాయంతో కొట్టుకు వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాను. కానీ కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. విరిగిన కాలు నొప్పి పుడితే అర్థముంది, రెండో కాలు కూడా అంతే నొప్పి పుట్టేది. కారణం లేకుండా చిరాకు. మేకులు తూస్తూ తూస్తూ ఒక రోజు ఏడుపు వచ్చింది. నాకు ఏడుపు వచ్చిందని ఎవరికీ చెప్పలేదు.

రొట్టె మీద రక్తం కనిపించింది సెప్టెంబరులో. కొన్నాళ్లు దాచాను. చిగుళ్లు వాచి, పళ్ల మధ్య నుంచి ఊదారంగులో బయటికి ఉబికి వచ్చాక దాచడం నా చేతిలో లేకుండా పోయింది. నోరు తెరిస్తే నాకే వాసన వేసేది. పళ్ల డాక్టరు శుభ్రం చేసి, పుక్కిలించే మందు ఇచ్చి, బ్రష్ మార్చమన్నాడు. మార్చాను. రక్తం ఆగలేదు.

“నోట్లెకెళ్లి నెత్తురంటె లోపట వేడి వెరిగింది. గుడ్లు బందు వెడుదాం” అంది అక్క. అలా గుడ్లు కూడా పోయాయి.

తర్వాత మరకలు వచ్చాయి. ఎక్కడా దెబ్బ తగలలేదు, అయినా తొడల మీద, పిక్కల మీద కమిలిన మచ్చలు. పొద్దున ఒకటి కనిపిస్తే సాయంత్రానికి పక్కన ఇంకొకటి. స్నానం చేసేటప్పుడు చూసుకోవడం మానేశాను. సద్దుల బతుకమ్మ నాడు సునీత చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర కలిపి పెద్ద గిన్నెల్లో పెట్టి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. నేను గిన్నె ముందు నిలబడ్డాను. నోరంతా నీళ్లూరింది. ఒంట్లో ప్రతి ఎముకా ఆ అన్నమే అడుగుతున్నట్టు అనిపించింది. ఎవరూ లేరు. ఒక్క ముద్ద తీసుకున్నా అడిగేవాళ్లు లేరు. చెయ్యి ముందుకు పెట్టి, కాలి లోపల తుప్పు పట్టిన రాడ్డును తలచుకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నన్ను ఆపింది అక్క కాదు, నా భయమే.

దసరా దాటిన వారంలో ఒక పొద్దున లేచేసరికి లుంగీ తడిగా ఉంది. తీసి చూస్తే, ఎప్పుడో మానిన ఆపరేషన్ గాయం తెరుచుకుని ఉంది. దెబ్బ లేదు, చీము లేదు. మానిన గీత మానిన చోటే విడిపోయి, లోపల ఎర్రగా కనిపిస్తోంది. నా అరుపుకు ఇంట్లో అందరూ వచ్చారు.

అక్క గాయం చూసి గోడకు చేరగిలబడింది. “రాడ్డు జిలుము వట్టింది. గందుకే పుండు వలిగింది. ఎవలో పులుపు వెట్టిండ్రు వీనికి.”

ఎవలో అంటూనే సునీత వైపు చూసింది.

“నేనా? నేను వెట్టిన్నా?” సునీత ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. “నీ వంట నువ్వే వండవడ్తివి, నీ చేతితోనే తినవెడ్తివి. నన్ను గా పళ్లెం దగ్గర్కి రానిస్తివా ఏనాడన్న?”

“నీ పులుసు గిన్నెల గంటె నా పప్పుల వెట్టి ఉంటవ్.”

“వదినె, మాట జర సూసుకొని మాట్లాడు!”

కాలి నుంచి రక్తం కారుతుంటే వాళ్లిద్దరూ గంటె గురించి కొట్లాడారు. నేను ఇద్దరినీ నోటికొచ్చినట్టు తిట్టి, ఆ వెంటనే పిల్లవాడిలా ఏడ్చాను. చచ్చిపోతానని మొదటిసారి నిజంగా అనిపించింది ఆ పొద్దుననే.

మా వీధిలో ఉండే ఖాజా భాయ్‌కి కారుంది. కిరాయికి నడుపుతాడు. ఎవరూ అడగకముందే ముందు సీటు వెనక్కి వాల్చి, నా కాలు చాపుకోవడానికి మెత్త వేసి తెచ్చాడు. అనంతగిరి మలుపుల్లో ప్రతి గుంతకూ ముందే, “జర పట్టుకో భాయ్, గుంత వస్తుంది” అని చెబుతూ నడిపాడు. ఆ రోడ్డు మీద గుంతలకు కొదవ లేదు కాబట్టి వికారాబాద్ దాకా అతను చెబుతూనే ఉన్నాడు. వెనక సీట్లో ఆ చివర అక్క, ఈ చివర సునీత, మధ్యలో నా ఎక్స్‌రేల సంచి.

ఆసుపత్రిలో మళ్లీ ఫొటో తీశారు. రాడ్డు ఉన్నచోటే ఉంది, కానీ ఎముక అతుక్కోవలసినంత అతుక్కోలేదు. రక్త పరీక్షలో రక్తం బాగా తక్కువగా ఉంది. డాక్టరు నా చిగుళ్లు చూశాడు, మచ్చలు చూశాడు, ఒక పన్ను వేలితో కదిపి చూశాడు. అది కదిలింది. ఆయన నాతో ఏమీ అనకుండా సునీతను బయటికి పిలిచాడు. తలుపు అద్దంలోంచి ఆమె వీపు మాత్రమే కనిపించింది. ఆమె తల ఊపుతూ ఉంది, ఊపుతూనే ఉంది.

తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది.

“ఏమన్నడు?”

“ఏం లేదు. హైదరాబాద్‌ల ఒక డాక్టర్‌కు సూపియ్యాలెనట.”

“ఏం డాక్టర్?”

ఆమె డాక్టరు ఇచ్చిన చీటీని మడిచి, మళ్లీ విప్పింది. “నెత్తురు డాక్టర్” అంది.

అంతకు మించి చెప్పనక్కర్లేదు. రక్తంలో వచ్చే ఆ రోగం పేరు మేమిద్దరం నోటితో అనలేదు. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. కొట్టు ఎవరు చూస్తారు, అమ్మాయి చదువు ఎలా, ఇవేవీ నాకు గుర్తు రాలేదని చెబితే సిగ్గుగా ఉంటుంది గానీ నిజం. నాకు బతకాలని ఉంది, అంతే. ఇంకే ఆలోచనా లేదు.

హైదరాబాద్ వెళ్లేముందు ఆ మచ్చలు ఒకసారి పక్క వీధిలో చర్మ డాక్టరుకు చూపించమని కూడా ఆ చీటీలో రాసి ఉంది. వెళ్లాం. అక్కడ కూర్చునే గది ఇరుకు. గోడకు చప్పుడు లేకుండా ఆడుతున్న టీవీ. నా కర్రలు చూసి బషీరాబాద్ నుంచి వచ్చిన ఒక ముసలావిడ లేచి కుర్చీ ఇచ్చింది. కన్నడం కలిసిన తెలుగులో నా కాలి సంగతి అడిగి, సంచిలోంచి బత్తాయి తీసి, ఒలిచి, రెండు తొనలు నా చేతిలో పెట్టబోయింది.

“వద్దవ్వా, వానికి పత్తెం” అని అక్క అడ్డం వచ్చింది. ఆవిడ చిన్నబోయి ఆ తొనలు తనే తినేసింది. నేను ఆమె నోటినే చూస్తూ కూర్చున్నాను.

చర్మ డాక్టరు కాస్త వయసు మళ్లిన మనిషి, నిదానస్తుడు. భూతద్దం పెట్టి నా పిక్కలు చాలాసేపు చూశాడు. వెంట్రుకలు స్ప్రింగుల్లా మెలి తిరిగి ఉన్నాయని, ప్రతి వెంట్రుక మొదట్లో రక్తపు చుక్క ఉందని నాకూ చూపించాడు. నేను ఎప్పుడూ గమనించనే లేదు.

“ఏం తింటారు?” అని అడిగాడు.

అక్క ముందుకు వచ్చింది. “మంచిగనే తింటడు సారూ. పాలు, జొన్నరొట్టె, పెసరపప్పు, వారానికోపారి పాయా. గుడ్లు మొన్నమొన్ననే బందు వెట్టినం.”

అందరు డాక్టర్లూ అడిగింది ఇదే, అక్క చెప్పింది ఇదే. విన్నవాళ్లంతా తిండికి లోటు లేదని తల ఊపారు. ఈయన కూడా తల ఊపి, రాయబోయి ఆగాడు.

“సరే. ఏమేం తినరో చెప్పండి.”

అక్క చెప్పడం మొదలుపెట్టింది. చింతపండు, నిమ్మకాయ, టమాట, సంత్ర, బత్తాయి, జామకాయ, ఆలుగడ్డ, పచ్చిమిరపకాయ, కూరగాయలు, ఆకుకూరలు. అన్నీ పొల్లుపోకుండా చెప్పింది, ఎంత జాగ్రత్తగా చూసుకుందో ఆయనకు తెలియాలని. ఆయన కలం బల్ల మీద పెట్టేశాడు.

“ఎన్నాళ్ల నుంచి?”

“రాడ్డు వెట్టిన కాన్నుంచి.”

“ఎందుకమ్మా?”

“పులుపు తింటె లోపలి రాడ్డు జిలుము వడ్తది గదా సారూ.”

ఆయన నవ్వుతాడేమోనని నేను తల దించుకున్నాను. నవ్వలేదు. ఆ ఒక్క విషయానికి ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది. కుర్చీ నా దగ్గరికి లాక్కుని, నిదానంగా చెప్పాడు.

“దీన్ని స్కర్వీ అంటారు. వెనకటి రోజుల్లో ఓడల మీద నెలల తరబడి సముద్రంలో తిరిగేవాళ్లకు వచ్చేది. ఎండు రొట్టెలు, ఉప్పు వేసిన మాంసం తప్ప తినడానికి ఇంకేమీ ఉండేది కాదు వాళ్లకు. చిగుళ్లు కుళ్లేవి, పళ్లు ఊడేవి, ఎప్పుడో మానిన గాయాలు మళ్లీ విడిపోయేవి. తుఫానులో మునిగి పోయినవాళ్లకంటే ఇట్లా పోయినవాళ్లే ఎక్కువంటారు. వాళ్లను చివరికి బతికించింది నిమ్మకాయలు, నారింజలు. వాటిలో ఉండే విటమిన్ సి లేకపోతే ఎముకనూ చర్మాన్నీ చిగుళ్లనూ పట్టి ఉంచే జిగురు ఒంట్లో తయారు కాదు. మన ఒళ్లు ఆ విటమిన్‌ను సొంతంగా చేసుకోలేదు. తిండిలోంచే రావాలి. మీ తిండిలో అది వచ్చే దారులన్నీ మూసేశారు.”

“మాకు సముద్రం ఎక్కడిది సార్? నేను కోట్‌పల్లి చెరువు దాటి నీళ్లు చూసినవాణ్ని కాదు” అన్నాను.

“మీరు ఇంట్లోనే ఓడెక్కారు” అన్నాడు. రాడ్డుకు తినే పులుపు తగలదనీ, అది తుప్పు పట్టే లోహమే కాదనీ చెప్పాడు. నా రక్తం హైదరాబాద్‌కు పరీక్షకు పంపించి, మాత్రలు మాత్రం ఆ పూటే మొదలుపెట్టమన్నాడు.

“మరి నెత్తురు డాక్టరు?” అని సునీత అడిగింది.

“ఒక్క వారం ఆగండి. నేను అనుకున్నదే అయితే వారంలో చిగుళ్లు తేలిగ్గా చెప్పేస్తాయి. తేడా రాకపోతే ఇంకొక్క రోజు కూడా ఆగకుండా వెళ్లండి.”

తాండూరుకు తిరిగి వచ్చాం. దారిలో ఖాజా భాయ్ గుంతల సంగతి చెప్పడం మానేశాడు. ఇంట్లోకి అడుగు పెట్టగానే సునీత చేతిలోని సంచి విసిరికొట్టింది. “నేను పులుపు వెట్టిన్నంటివి గదా వదినె. వెట్టి ఉంటె గింత దూరం వచ్చేది కాదు. నీ పత్తెమే నా మొగని నెత్తురు తాగింది!” అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది. మర్నాడు నేను లేచేసరికి ఆమె సంచి లేదు. మొదటి బస్సుకే మర్పల్లి వెళ్లిపోయింది.

ఆ మాత్ర నారింజ రంగులో ఉంటుంది, చప్పరించాలి. మొదటిది నోట్లో పెట్టుకోగానే చిగుళ్లన్నీ భగ్గుమన్నాయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా ఉమ్మబుద్ధి కాలేదు. సునీత ఉసిరికాయ పచ్చడి, టమాట పప్పు, నిమ్మకాయ నీళ్లు ఒకదాని వెంట ఒకటి తెచ్చి పెట్టింది. తింటున్నంతసేపూ కాలి మీదే నా ధ్యాస. లోపల ఏదో సుర్రుమంటున్నట్టు, తుప్పు రాలుతున్నట్టు. రాత్రి నిద్ర పట్టక కాలు పట్టుకుని కూర్చునేవాణ్ని. ఆ పులుపు మంచిదా, లేక చర్మ డాక్టరు పొరపడి, నేను చేతులారా కాలును పాడు చేసుకుంటున్నానా? పొరపడితే ఇంకా ఘోరం, అప్పుడు మిగిలేది ఆ పేరు పలకని రోగమే.

రెండు మూడు రోజులకే ఒళ్లు తేలికైంది. తర్వాత ఒక పొద్దున పళ్లు తోముకుని ఉమ్మితే, నురగ తెల్లగా ఉంది. నమ్మలేక సునీతను పిలిచి చూపించాను. ఇన్నేళ్ల కాపురంలో నేను ఉమ్మింది చూసి ఆమె సంతోషపడింది ఆ ఒక్కసారే. ఇద్దరం ఆ నల్లా దగ్గరే నిలబడి నవ్వాం, ఏడ్చాం.

కొట్టు గుమ్మానికి వేలాడే నిమ్మకాయ మిరపకాయల దండ మీద ఆ రోజు నా కన్ను పడింది. దిష్టి తగలకుండా శనివారం శనివారం కొత్తది కడతాం. ఓడల్లో పోయిన ఆ పాత మనుషులు నిమ్మకాయ దొరకక పోయారు. నాకు వారం వారం తల మీదే వేలాడింది, దాని కిందనుంచే కర్రలు వేసుకుని వెళ్లి గల్లా ముందు కూర్చున్నాను. అప్పుడు నా మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

అక్కకు ఫోను చేశాను. “తగ్గుతుంది అక్కా” అంటే, “మంచిగైతె సాలు” అని పెట్టేసింది. మాట ముద్దగా వచ్చింది. ఏడుస్తోందనుకున్నాను. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. అలిగిందనుకున్నాను.

వారం తిరిగాక వికారాబాద్ వెళితే చర్మ డాక్టరు నా చిగుళ్లు చూసి సంతోషంగా భుజం తట్టాడు. పరీక్ష ఫలితం కూడా వచ్చింది, స్కర్వీయే. హైదరాబాద్ అక్కర్లేదన్నాడు. సునీత అక్కడే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. మేం లేచి తలుపు దాకా వచ్చాక ఆయన వెనకనుంచి అడిగాడు.

“అన్నట్టు, మీ ఇంట్లో ఇంకెవరన్నా ఇదే తిండి తిన్నారా?”

సునీత నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూశాను. నోటికి కొంగు అడ్డం, ముద్దగా వచ్చిన మాట, ఎత్తని ఫోను. మేం అలక అనుకున్నవన్నీ ఒక్కసారి వేరేగా కనిపించాయి. “మాణెమ్మ వదినె” అంది సునీత. అంతే, ఇంటికి పోలేదు. ఖాజా భాయ్ కారును నేరుగా మర్పల్లి వైపు తిప్పాడు. ఆ దారిలో గుంతల గురించి నేను ఒక్క మాట కూడా వినలేదు. వయసు మీద పడిన ఒళ్లు, ఇంట్లో ఒక్కతే. నాకు డాక్టరు దొరికి వారమైంది, ఆమెకు ఎవరూ దొరకలేదు.

తలుపు దగ్గరికి వేసి ఉంది. వాకిట్లో నిమ్మచెట్టు కింద నేలంతా పసుపుపచ్చగా పండిన కాయలు రాలి పడి ఉన్నాయి. కొన్ని కుళ్లిపోయాయి. ఒక్కటీ ఎవరూ ఏరలేదు.

అక్క మంచం మీద ఉంది. మమ్మల్ని చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సునీత వెళ్లి ఆ కొంగు తీసింది. పెదవులు వాచి, చిగుళ్లు నావి ఉన్నట్టే ఉన్నాయి. ముందు పన్ను ఒకటి లేదు. చీర అంచు జరిపితే కాళ్లు మోకాళ్ల దాకా కమిలి నల్లబడి ఉన్నాయి.

“ఎప్పటి సంది అక్కా?”

“బతుకమ్మకు ముందుగాల్నుంచి. నీ పరేషానే నీకు మస్తుండె. నావి ముసలి పండ్లు, ఉంటె ఏంది పోతె ఏంది అనుకున్న.”

నేను మాత్ర తీసి ఇవ్వబోతే మొహం తిప్పుకుంది. “పుల్లటి వాసనొస్తుంది. నీ రాడ్డు దీసేదాక ముట్టనని ఎల్లమ్మకు మొక్కిన.”

“రాడ్డుకు ఏం కాదక్కా, డాక్టర్ జెప్పలేదా నీ ముంగట్నే!”

“జెప్పిండు, ఇన్న.” కాసేపు ఆయాసపడి, మళ్లీ అంది. “నా చేతి కూడు తిని నీ నోట్లెకెళ్లి నెత్తురొచ్చింది తమ్మీ. నాకెందుకు తగ్గాలె?”

నాకు దుఃఖం, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. తీర్పు ఇచ్చింది నేను, ఇనుము సంగతి నాకు తెలుసన్నది నేను, ఇదంతా అరిచి చెప్పాను. ఆమె వినలేదు. బతిమాలాను. గోడ వైపు తిరిగి పడుకుంది. సునీత బయటికి వెళ్లింది. రాలిన వాటిలో మంచివి ఏరి, కడిగి, కోసి, చెంబెడు నీళ్లలో పిండి, ఉప్పు వేసి కలిపి తెచ్చింది. మంచం పక్కన కింద కూర్చుంది.

“వదినె, ఆనాడు నేను అనరాని మాటన్న. దాని మీద కోపముంటె నన్ను నాలుగు తిట్టు. గీ నీళ్లు మాత్రం తాగు.”

అక్క కదల్లేదు. అప్పుడు నాకు ఒకటే తోచింది. నా కోసం పులుపు మానిన మనిషి తన కోసం దాన్ని ముట్టదు. నా జేబులోని మాత్రలన్నీ తీసి ఆమె దిండు పక్కన పెట్టాను.

“మంచిది. నువ్వు ముట్టేదాక నేను గూడ ముట్ట. గీ గోలీలు నీ దగ్గర్నే ఉండనీ. ఇగ ఇద్దరం పత్తెం ఉందాం.”

ఆమె ఒక్కసారి ఇటు తిరిగింది. లేవలేని మనిషి మోచేయి ఆనించి లేచి కూర్చుంది. “పిచ్చి లేసిందారా నీకు? ఇప్పుడిప్పుడే మంచిగైతుంటివి గదరా!”

“నువ్వు తాగితె నేను తాగుత.”

“ముందుగాల నువ్వు తాగు.”

సునీత చెంబు నాకిచ్చింది. సగం తాగాను. అక్క నా మొహం చూడలేదు. నా కుడికాలి వైపు చూసింది, రాడ్డు ఉన్నచోట. నేను గుటక వేసిన ప్రతిసారీ అక్కడే చూసింది.

“నొస్తుందా?”

“లేదక్కా.”

“లోపట సురసుర అంటుందా?”

“ఏమంటలేదు.”

“నిలవడు, సూద్దాం.”

కర్రలు మంచానికి ఆనించి, రెండు కాళ్ల మీదా నిలబడ్డాను. ఆమె చేయి చాపి నా పిక్కను తడిమింది, పైనుంచి కిందికి. మళ్లీ తడిమింది. తర్వాత చెంబు తీసుకుని, కళ్లు మూసుకుని తాగింది. పులుపు తగలగానే మొహమంతా ముడుచుకుపోయింది, కళ్ల నుంచి నీళ్లు బొటబొటా కారాయి. ఆపలేదు. చుక్క మిగల్చకుండా తాగి, ఊపిరి పీల్చుకుని, ఖాళీ చెంబును నా భార్య చేతికిచ్చింది.

“ఉప్పు తక్కువ వడ్డది సునీతా. ఇంకోటి పిండుకరా.”